మూడో శ్రోత

శనివారం లోపల కావలసిన పనులని దీప నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నది.

పాత రేడియోలు బాగుచేసే జగదీశ్వర్ దుకాణంలో ఫెరైటు కడ్డీ, స్టేషను మార్చే గ్యాంగు కండెన్సరు అడగాలి.
కడ్డీ మీద రాగితీగ డెబ్బై చుట్లు చుట్టాలి. తీగ చివర్లు బ్లేడుతో గీకాలి.
చిప్పుకు టంకం పెట్టేటప్పుడు వేడి ఎక్కువ కావద్దు. ఉన్నవి రెండే చిప్పులు.
ఇయర్‌ఫోను తీగ అతకాలి.
ఒక పెన్సిల్ సెల్లు కొనాలి.
ముగ్గురికి వినిపించాలి. ఏం విన్నారో ఫారంలో రాయించి సంతకాలు తీసుకోవాలి.

అన్నిట్లోకి ఆఖరి పని తేలిక అనుకున్నది. చిప్పు దొరకడమే కష్టం, అది పోస్టులో వచ్చేసింది. మూడు కాళ్లతో మామూలు ట్రాన్సిస్టరంత ఉంటుంది గానీ, రేడియో చేయవలసిన పనంతా దాని నల్లటి పొట్టలోనే జరుగుతుంది. దానికో తీగచుట్ట, కండెన్సరు, నాలుగైదు చిన్న ముక్కలు, ఒక సెల్లు జతచేస్తే హైదరాబాద్ మీడియం వేవ్ స్టేషను గోదావరిఖనిలో వాళ్ల క్వార్టరు వరండాలో పలకాలి. ఇక వినేవాళ్లకేం తక్కువ? అమ్మ ఉంది, బాపు ఉన్నాడు, పక్క క్వార్టర్లో సారవ్వ ఉంది.

ఫారం షరతు సుప్రజ మేడం పెట్టింది. దీప బీఎస్సీ చివరి సంవత్సరం ప్రాజెక్టు ఆమె చేతిలోనే ఉంది. "పనిచేస్తోందని నువ్వు చెబితే సరిపోదమ్మా," అన్నదామె. "తయారుచేసింది నువ్వు కాబట్టి నీకు వినపడుతుంది. వేరేవాళ్లు ముగ్గురు విని చెప్పాలి. వినపడకపోతే వినపడలేదనే రాయమను. మొహమాటానికి రాసింది రీడింగు కాదు."

బుధవారం మధ్యాహ్నం తండ్రి సదానందం మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి దీప వరండాలో కూర్చుని తీగ చుడుతున్నది. ముప్పై ఒకటో ముప్పై రెండో లెక్క తప్పి మళ్లీ మొదటికి వచ్చింది. అతను స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, ఏమీ అడగకుండానే కడ్డీని చేతిలోకి తీసుకున్నాడు. ఎంత సబ్బు పెట్టినా పోని బొగ్గు గీతలు గోళ్ల అంచుల్లో ఉన్నాయి. అంత మోటు వేళ్లు వెంట్రుక లాంటి తీగను పక్కపక్కనే పేర్చుకుంటూ పోతుంటే దీప నోరు తెరుచుకుని చూసింది. డెబ్బై అయ్యాక అతను కళ్లు మూసుకుని బొటనవేలి గోటితో చుట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి గీశాడు. మధ్యలో ఆగాడు.

"ఈడ ఒక చుట్టు ఇంకోదాని మీదికెక్కింది."

దీప వెలుతురుకు పట్టి చూసింది. నిజమే.

"కండ్లు మూసుకోని ఎట్ల చెప్పినవ్ బాపూ?"

అతను తీగ విప్పుతూ ఉండిపోయాడు. పనిలో మునిగాడనుకున్నది దీప.

అప్పుడే తల్లి మల్లక్క అంగడి నుంచి కొత్త మంచినీళ్ల కుండ తెచ్చి అతని ముందు పెట్టింది. కుండ అయినా గోలెం అయినా కొన్నాక అతనితో కొట్టించి చూడడం ఆ ఇంట్లో పెళ్లయిన నాటి నుంచీ ఉన్న అలవాటు. ఎందుకంటే గనిలో సదానందం పనే అది. బ్లాస్టింగు అయ్యాక సపోర్టు గ్యాంగులో అందరికన్నా ముందు అతను పోతాడు. పొడుగాటి ఇనుప రాడ్డుతో పైకప్పును కొట్టి వింటాడు. గట్టి బండ గంటలా మోగుతుంది. వదులైన బండ పాత డబ్బాలా పలుకుతుంది. అతను "పో" అంటేనే మిగతావాళ్లు దాని కిందికి వెళ్లి కప్పుకు ఆసరాగా దిమ్మెలు నిలబెడతారు.

సదానందం ఒక అరచేయి కుండ పొట్టకు ఆనించి, రెండో చేతి వేలి కణుపుతో కొట్టాడు.

"పగులున్నది. అడుక్కు."

"అయ్యో, బేరమాడితే ఇచ్చిండంటే గిందుకేనా!" అని మల్లక్క తల కొట్టుకున్నది. కుండను తిరిగి ఇచ్చి రావడానికి మళ్లీ చెప్పులేసుకున్నది.

గురువారం పొద్దున్నే టంకం పని అయిపోయింది. దీప ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని కండెన్సరును గోరుతో ఇంతంత తిప్పింది. గరగర తప్ప ఏమీ లేదు. కడ్డీని చాప మీద అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పి పెట్టింది. ఒక మూలకు రాగానే గరగర లోపలి నుంచి ఒక ఆడగొంతు, పక్కింటి గోడ అవతల మాట్లాడుతున్నట్టు సన్నగా, "రైతు సోదరులు పత్తి చేలో…" అన్నది. దీపకు ఒళ్లు జలదరించింది. ఏ తీగా లేకుండా, ఏ బిల్లూ లేకుండా, ఇంత దూరం వచ్చి ఒక మనిషి తన చెవిలో మాట్లాడుతున్నది. అమ్మను పిలిచి వినిపించింది. ఆ సంతోషంలో ఫారాలు జిరాక్సు తీయించడానికి కాలేజీకి పరుగెత్తింది.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి సదానందం రేడియో ముందు కూర్చుని ఉన్నాడు. సారవ్వ కూరగాయల గంప దించి గడపలో కాళ్లు చాపుకున్నది.

"ఏమైంది పెద్దమ్మా, గింత ఆలస్యం?" అన్నది దీప.

"గేటు దిక్కుకెల్లి వస్తలేను బిడ్డా. చుట్టు తిరిగి వస్తున్న. సేఫ్టీ వారం గదా, మల్ల మా పోరన్ని బోర్డు మీద పెట్టిన్రు."

సారవ్వ కొడుకు భూపాల్ సపోర్టు గ్యాంగులోనే పనిచేసేవాడు. నాలుగేళ్ల కిందట బండ పడి పోయాడు. ఏటా రక్షణ వారోత్సవాల్లో గని గేటు దగ్గర ఆ ప్రమాదం బొమ్మతో సహా బోర్డెక్కుతుంది.

దీప ఇయర్‌ఫోను తండ్రి చేతికిచ్చింది. అతను దాన్ని చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా తల ఊపడం మొదలుపెట్టాడు.

"మంచిగొస్తుంది బిడ్డా."

"ఏమొస్తుంది బాపూ?" అతని మోకాలు తట్టి, ముఖంలోకి చూస్తూ అడిగింది.

"పాట. పాత పాట."

ఫారం మీద కూడా రాశాడు. 'పాట విన్నాను. మంచిగా వచ్చినది.' కింద సంతకం చేసి, ఇయర్‌ఫోనును సారవ్వకిచ్చాడు. ఆమె చెవిలో పెట్టుకుని కాసేపు చూసింది. తీసి, చీరకొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నది.

"ఏమొస్తలేదు గదనే."

దీప కడ్డీ తిప్పింది, కండెన్సరు తిప్పింది. చివరికి చెక్కను వెనక్కి తిప్పి చూసింది. సెల్లు ఉండవలసిన చోటు ఖాళీ.

"అమ్మా! ఇండ్ల సెల్లేది?"

మల్లక్క వంటింట్లోంచి తల బయటపెట్టింది. "గడియారం ఆగిపోయింది. బాపు డ్యూటీకి టైమెట్ల తెల్వాలె? గందుకే తీసి అండ్ల పెట్టిన. ఏమాయె?"

గోడ మీద గడియారం టిక్కుటిక్కుమంటున్నది.

సారవ్వ తొడ చరుచుకుని నవ్వింది. "ఓ తమ్మీ సదానందం! సెల్లు లేని రేడియోల పాటెట్ల ఇన్నవయ్యా? నువ్వే పాడుకున్నవా ఏంది!"

మల్లక్క నవ్వింది. ఆ తర్వాత సదానందం నవ్వాడు. "బిడ్డ చిన్నబోతదని అన్న తియ్," అన్నాడు, గడియారం వైపు చూపిస్తున్న మల్లక్క చేతిని గమనించాక.

దీప నవ్వలేదు. బాపు అందరికంటే వెనక నవ్వాడు. నవ్వే ముందు ఒక్కొక్కరి పెదాలూ చూశాడు.

ఆ సాయంత్రమే సెల్లు పెట్టి, కొత్త ఫారం తీసి, అమ్మకు, సారవ్వకు వినిపించింది. సారవ్వ వాతావరణం ముచ్చటంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. రెండు సంతకాలయ్యాయి. మూడో గీత ఖాళీగా ఉండిపోయింది. సదానందం తలనొప్పి అని పక్కమీద అటు తిరిగి పడుకున్నాడు. దీప అతని వీపు చూస్తూ ఒక్కొక్కటే గుర్తుతెచ్చుకున్నది. ఫోను వస్తే సిగ్నల్ లేదని అమ్మకివ్వడం. ఏదడిగినా "ఆఁ, గట్లనే" అనడం. పెళ్లిళ్లలో అందరికీ దూరంగా కూర్చోవడం. ముసలితనం వస్తున్నదనుకున్నారు ఇంట్లో. మాట తగ్గిన మనిషి అనుకున్నారు.

శుక్రవారం ఐదున్నరకు అతను గడపలో వంగి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. దీప వెనక నిలబడింది. మామూలు గొంతుతో అన్నది.

"బాపూ, నీ కాలికాడ తేలున్నది."

అతను లేసు ముడి బిగించాడు.

"బాపూ! తేలు!"

రెండో బూటు దగ్గరికి జరుపుకున్నాడు.

"యాడనే తేలు?" అంటూ వంటింట్లోంచి మల్లక్క చెప్పు పట్టుకుని ఉరికి వచ్చింది. చెప్పు పట్టుకున్న భార్యను చూసి సదానందం అప్పుడు తలెత్తాడు. "ఏమైంది?" అన్నాడు.

దీప ఏం లేదని చేత్తో సైగ చేసింది. అతను టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకో రెండు గంటల్లో చీకట్లో రాడ్డు పైకెత్తి బండను కొడతాడు. మోగిందంటాడు. ఆ మాట మీద మనుషులు కిందికి పోతారు.

ఆ రోజు దీప కాలేజీకి పోలేదు. మధ్యాహ్నం రెండున్నరకే గని గేటు దగ్గర నిలబడింది. ఎదురుగా బోర్డు. ఏళ్లుగా అటు పోతూ వస్తూ తలతిప్పుకున్నదే తప్ప ఎన్నడూ పూర్తిగా చదవలేదు. బండ కింద పడిన మనిషి బొమ్మ. దాని కింద, 'భూపాల్, వయసు 26. సపోర్టు లేని కప్పు కిందికి అనుమతి లేకుండా, తనంతట తాను వెళ్లినందున జరిగిన ప్రమాదం. నిర్లక్ష్యం ప్రాణాంతకం.' ఎర్ర రంగు ఇంకా తడిగా మెరుస్తున్నది.

షిఫ్టు విడిచాక మొదటగా పోశం బయటికొచ్చాడు. సదానందంతో ఇరవై ఏళ్లుగా ఒకే గ్యాంగులో ఉన్న మనిషి.

"ఏం బిడ్డా, బాపు కోసమా? ల్యాంపు అప్పజెప్పి వస్తుండు."

"కాకా," అన్నది దీప. "మా బాపుకు ఇనవడ్తలేదు."

పోశం చుట్టూ చూశాడు. ఆమెను గోడ పక్కకు తీసుకుపోయాడు.

"ఎర్కే."

దీప అతని ముఖం వంక అట్లాగే చూసింది.

"ఫికర్ జెయ్యకు. రాడ్డుతోని నేను కొడుత, నేనింట. మీ బాపు బండకు చెయ్యి ఆనిస్తడు. అదురు చూస్తడు. నా చెవి, ఆయన చెయ్యి, రెండూ ఒప్పుకుంటెనే 'పో' అంటం. నా చెవికన్న ఆయన చెయ్యే నయం. రెండుసార్లు నేను మంచిగున్నదంటె ఆయన వద్దన్నడు. రెండుసార్లు గంట లోపల బండ పడ్డది."

"మరి దవాఖానల ఎందుకు చూపిచ్చుకోడు?"

పోశం నవ్వబోయి మానేశాడు. "ఊరంత ఉల్టా బిడ్డా. చెవులు మంచిగున్నోళ్లు అన్‌ఫిట్ అయి కొడుకులకు తమ నౌకరీ ఇప్పిచ్చుకుందామని ఇనవడ్తలేదంటు తిరుగుతరు. మీ బాపు ఇనవడకున్నా ఇనవడుతదంటడు."

"ఎప్పటిసంది కాకా, గిట్ల ఇద్దరు కలిసి కొట్టుడు?"

పోశం చూపు ఒక్క క్షణం బోర్డు మీదికి పోయి, కిందికి దిగింది.

"ఈ నెలాఖరుకు నేను రిటైరయితున్న. అయినంక ఎట్ల అని నేను సుత అడిగిన. తల ఊపిండు. ఇన్నడో లేదో."

సదానందం రావడం చూసి పోశం సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంటిదాకా తండ్రీ కూతుళ్లు పక్కపక్కనే నడిచారు. ఇంటికి రాగానే దీప అతన్ని వరండాలో కూర్చోబెట్టి, ఎదురుగా మోకాళ్లకు మోకాళ్లు తగిలేంత దగ్గర కూర్చున్నది. ఫారం తీసి మూడో గీత మీద వేలు పెట్టింది. ప్రతి మాటా విడదీసి, అతని కళ్లలోకి చూస్తూ అన్నది.

"నిజం రాయాలె బాపూ. నాకు ఎర్కయింది."

అతను ఆ వేలును చూశాడు. మల్లక్క వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"భూపాల్ పోయిన నాడు పోశం సెలవుల ఉండె," అన్నాడు సదానందం. వినపడని మనిషి గొంతు ఎప్పుడూ కొంచెం పెద్దదిగానే ఉంటుంది. ఇప్పుడది మరీ సన్నబడింది. "నేనే కొట్టిన. అప్పటికే చెవుల్ల హోరు. అయినా మోగిందనుకున్న. ఇన్నేండ్లసంది మోగుతనే ఉన్నది గదా, చెవికి అలవాటైంది. 'పో' అన్న. మిగిలినోళ్లు ఇంకా రాలే. పోరడు నా ముఖం చూసి నవ్విండు. పోయిండు."

మల్లక్క చేతిలోని గిన్నె నేల మీద పడింది. సదానందం అటు తిరగలేదు.

"మరి గా బోర్డు?" అన్నది దీప. "అనుమతి లేకుండ పోయిండని ఎవలు చెప్పిన్రు?"

"నేనే."

"బాపూ!"

"ఎంక్వయిరీల ముగ్గురు కూసున్నరు. బల్లకు ఆవల. ఫ్యాను తిరుగుతుంది. ఒకాయన కాగితంల తలబెట్టి ఏందో అడిగిండు. పెదాలు కనవడలే. ఇంకోసారి అడుగుమంటె చెవుడని తెలుస్తది. తెలిస్తె మొత్తం తెలుస్తది. తల ఊపిన. ఇంకేందో అడిగిండు. ఊపిన. సంతకం పెట్టుమన్నరు, పెట్టిన. నకలు ఇంటికి తెచ్చుకోని చదివినంక తెలిసింది, నేను దేనికి తల ఊపిన్నో." అతను అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "తెల్లారి పోయి కాదని చెప్తె అయిపోవు. పోలే. రేపు పోత, రేపు పోత అనుకున్న. నాలుగేండ్లయింది."

దీప లేచి లోపలికి పోయింది. గడియారం టిక్కుటిక్కుమంటున్నది. నిన్న ఇదే చోట అందరూ నవ్వారు. సెల్లు లేని రేడియోలో విన్న పాటకు నవ్వారు. ఆ తల ఊపడం, ఆ కళ్లు మూసుకోవడం, ఆ 'మంచిగొస్తుంది' అనే మాట. తనకు నడక నేర్పిన మనిషి మీద కోపం రావాలో, జాలి రావాలో తెలియక, తొట్టి దగ్గర ముఖం మీద నీళ్లు కొట్టుకుంటూ ఉండిపోయింది.

శనివారం పొద్దున ఆరు గంటలు. సదానందం డ్యూటీ బట్టలేసుకున్నాడు గానీ బూట్లు వేసుకోలేదు. రేడియో పక్కన ఉన్న ఫారం తీసుకుని మూడో గీత మీద రాశాడు. అక్షరాలు ఒత్తి ఒత్తి రాయడం వల్ల కాగితం వెనక్కి కూడా తేలాయి.

'ఏమీ వినలేదు. రేడియో మంచిదే. నా చెవులు పనిచేయవు. సదానందం.'

సారవ్వ అంగడికి పోతూ గంప నెత్తికెత్తుకోబోతున్నది. అతను గడప దిగి ఆమె ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాట."

చెప్పాడు. నిన్న కూతురికి చెప్పిందంతా, అదే వరుసలో, ఒక్క మాట తగ్గించకుండా చెప్పాడు. దీప, మల్లక్క వరండాలో స్తంభం పట్టుకుని నిలబడ్డారు. సారవ్వ గంప మీది చేయి తీయలేదు. ముఖంలో ఏమీ కదలలేదు. అతను ఆపేశాక కూడా ఆమె ఇంకా వింటున్నట్టే నిలబడింది. అప్పుడు అడిగింది.

"గా దినం సుత పాట ఇన్నవా తమ్మీ?"

అతను ఆమె పెదాలనే చూస్తున్నాడు. ఆ మాట అందింది. అక్కడే నేల మీద కూలబడ్డాడు.

సారవ్వ గంపను గోడ వారకు జరిపింది. మీద తడిగుడ్డ కప్పింది, కొత్తిమీర వాడిపోకుండా. ఆ తర్వాత అతని భుజం మీద గట్టిగా తట్టి, తన ముఖం అతనికి కనపడేలా వంగింది.

"లే. నడువు."

"యాడికక్కా?"

"గేటు కాడికి. ఏడు కొట్టేసరికి అందరు వస్తరు. గా బోర్డు ముంగట నిలవడి, నాకెట్ల చెప్పినవో గట్లనే చెప్పు. నా కొడుకు తొందరపడి సచ్చిండని నాలుగేండ్లసంది ఇంటున్న. నాకు ఇనవడుతది తమ్మీ. నాకు మంచిగ ఇనవడుతది."

వారమంతా చుట్టు తిరిగి పోయిన దారిని వదిలి ఆమె తిన్నగా గేటు వైపు నడిచింది. నాలుగడుగుల వెనక సదానందం, కాళ్లకు చెప్పులు లేకుండా. వాళ్ల వెనక దీప, చేతిలో ఫారంతో.

ఆ రోజు బోర్డు ముందు అతను మాట్లాడుతున్నంతసేపూ మొదటి షిఫ్టు వాళ్లలో ఒక్కరూ టోకెను కిటికీ వైపు కదల్లేదు. పోశం అందరికన్నా వెనక నిలబడి, మధ్యలో ముందుకొచ్చి, "నిజమే. ఆయనకు ఇనవడదని నాకు ఎర్కే. నేను సుత చెప్పలే," అన్నాడు. ఆ తర్వాత సదానందం ఆఫీసులోకి వెళ్లి అదంతా కాగితం మీద రాసిచ్చాడు. మళ్లీ రాడ్డు పట్టుకోలేదు.

మధ్యాహ్నం సుప్రజ మేడం ఫారం చూసి, మూడో గీత దగ్గర ఆగింది.

"ఇదేమిటి దీపా?"

"రీడింగు మేడం. అదొక్కటే సరిగ్గ తీసిన."

ఆమె కళ్లద్దాలు తీసి దీప ముఖం చూసింది. ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టింది.

సదానందం ఇచ్చిన కాగితం మీద తారీఖు ముద్ర పడింది. పాత విచారణ మళ్లీ తెరవాలంటే అది ఇంకా చాలా బల్లలు దాటాలంటున్నారు. వారోత్సవాలు ముగిశాక బోర్డును గోదాములో పెట్టారు. రాత అట్లాగే ఉన్నదట, వచ్చే ఏడాదికి. సదానందం ఏమవుతాడో, ఎవరేం శిక్ష వేస్తారో ఇంకా తెలియదు. సారవ్వ ఆ ఇంటివాళ్లతో మాట్లాడుతున్నది, నవ్వడం లేదు.

మీరెప్పుడైనా అటువైపు వెళ్లి, ఏదో గేటు ముందు ఎర్ర అక్షరాల్లో భూపాల్ అనే పేరు చూస్తే, కింద రాసింది నమ్మకండి. అతను తనంతట తాను పోలేదు. నమ్మిన మనిషి ముఖం చూసి, నవ్వి, పొమ్మంటే పోయాడు. ఇరవై ఆరేళ్ల ఆ పిల్లవాణ్ని ఆ సంగతితోనే గుర్తుపెట్టుకోండి.